మూత మీది ఐదు రాళ్లు

వానలాయన రెండు చేతుల్లోనూ చిటికెన వేళ్లకూ, వాటి పక్క వేళ్లకూ స్పర్శ పోయి చాలా ఏళ్లయింది. ముప్పై ఏళ్లు కంకర దారుల మీద సైకిలు హ్యాండిలు పట్టుకుంటే నరాలు నలిగిపోయాయని డాక్టరు చెప్పాడు. ఇంకేదైనా పని చూసుకోకూడదా అని కూడా అడిగాడు. "ఈ పనికి వేళ్లక్కర్లేదండీ, కాళ్లు చాలు," అన్నాడు వానలాయన. డాక్టరు పగలబడి నవ్వాడు. నవ్వించడానికి అన్న మాట కాదది.

ఆయన అసలు పేరు ఉద్యోగం కాగితాల్లో ఉంటుంది. ఊళ్లో మాత్రం అందరికీ వానలాయనే. ఊరి వెనక కొండ ఎక్కితే పైన చెట్టూ చేమా లేని పెద్ద పీఠభూమి ఉంది. జనం దాన్ని పైనేల అంటారు. ఆ పైనేల మీద తొమ్మిది చోట్ల, వాన నీళ్లు చేరడానికి గరాటా బిగించిన పొడుగాటి రాగి డబ్బాలున్నాయి. ఆఫీసు వాళ్లు వాటిని గేజీలంటారు. నెలకొకసారి సైకిలు మీద బయల్దేరి, వారం రోజుల్లో తొమ్మిదింటినీ చుట్టి, దేంట్లో ఎన్ని నీళ్లు చేరాయో కొలిచి, పుస్తకంలో రాసి, డబ్బా ఖాళీ చేసి రావడం ఆయన ఉద్యోగం. జీపు వెళ్లదు. సగం దూరం బురద నేల మీద పరిచిన చెక్కలే దారి. వాటి వెడల్పు రెండు జానలు. సైకిలు వెళ్తుంది, అదీ చూపు పక్కకు తిప్పకపోతే.

ఆ నెల మొదటి సోమవారం ఆఫీసరమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోమంది. ఆమె వచ్చి ఏడాదయింది. కూర్చోమనడం అదే మొదటిసారి. దాంతో సంగతేంటో ఆయనకు సగం అర్థమైపోయింది.

"వచ్చే నెల నుంచి మీరు కొండెక్కక్కర్లేదండీ. తొమ్మిది చోట్లా మిషన్లు పెట్టేస్తున్నారు. అవే కొలుచుకుంటాయి, అవే కబురు పంపుకుంటాయి."

"పంక్చర్లు కూడా పడవు," అన్నాడు వానలాయన.

"ఏమన్నారూ?"

"ఏం లేదండీ."

"పాత పుస్తకాలన్నీ కట్టగట్టి, సీలు వేసి పెద్దాఫీసుకి పంపాలి. సీలు పడ్డాక ఇంక ఎవరూ ముట్టుకోడానికి లేదు. దిద్దుబాట్లేమన్నా ఉంటే ఈ టూరు నుంచి రాగానే ఇచ్చెయ్యండి. మీ పుస్తకాల్లో ఏముంటాయి లెండి! అన్నట్టు, ఆ ఆరువందల పన్నెండు మీదే కదూ?"

"నాదేనండీ."

"మా అక్క కూతురు దాన్ని కంఠతా పట్టిందండీ."

చాలామంది పిల్లలు పట్టారు. ఇరవై రెండేళ్ల కిందట ఎనిమిదో గేజీలో ఒక్క నెలలో ఆరువందల పన్నెండు మిల్లీమీటర్లు నమోదైంది. పైనేల మీద అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ అంత వాన పడలేదని నాలుగో తరగతి పుస్తకంలో ఉంది. ఎనిమిదో గేజీ పక్కన ఆ అంకెతో రేకు బోర్డు కూడా పాతారు. వానలాయన కూతురు బడిలో పాఠాలు చెప్పేది నాలుగో తరగతికే. ఆ పాఠం వచ్చిన రోజు పుస్తకం మూసేసి, "ఇది కొలిచింది ఎవరో తెలుసా? మా నాన్న!" అని ఏటా తప్పకుండా చెప్తుంది.

ఆ అంకె తప్పు. ఉండవలసింది ఐదువందల పన్నెండు. అంతకు ముందు మూడో గేజీలో నమోదైన రికార్డు ఐదువందల నలభై కాబట్టి, అది రికార్డే కాదు. ఈ సంగతి వానలాయనకు తప్ప ఎవరికీ తెలియదు.

తప్పు ఎలా జరిగిందో చెప్పాలంటే పని ఎలా చేస్తారో చెప్పాలి. చలి నెలల్లో గేజీలో నీళ్లుండవు, గడ్డకట్టిన మంచుంటుంది. మంచును కొలవలేం. అందుకని స్టవ్వు వెలిగించి, నీళ్లు కాచి, కొలత గ్లాసుతో కొలిచి మరీ గేజీలో పోస్తారు. మంచంతా కరిగాక మొత్తం నీళ్లను మళ్లీ అదే గ్లాసుతో కొలిచి, తాము పోసినవి లెక్కలోంచి తీసేస్తారు. నిండు గ్లాసుకు ఇరవై మిల్లీమీటర్ల వాన. లెక్క తప్పకుండా వానలాయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పోసిన ప్రతి గ్లాసుకూ ఒక గులకరాయి గేజీ మూత మీద పెడతాడు. కొలిచిన ప్రతి గ్లాసుకూ ఒక రాయి నేల మీద వరసలో పెడతాడు. చివరికి నేల మీది రాళ్లలోంచి మూత మీది రాళ్లు తీసేయడమే.

ఆ రోజు నేల మీద ముప్పై రాళ్లు, పైన పన్నెండు మిల్లీమీటర్లు. మూత మీద ఐదు రాళ్లు. ఆయన నేల మీదివి లెక్కపెట్టి ఆరువందల పన్నెండు అని రాసేశాడు. మూత పెట్టేటప్పుడు దాని మీది ఐదు రాళ్లనూ చొక్కా జేబులో వేసుకున్నాడు. వారం తర్వాత స్నానాల గదిలో చొక్కా విదిలిస్తే అవి నేల మీద టపటపా పడ్డాయి. అప్పుడు తెలిసింది.

ఆఫీసులో తప్పు దిద్దే చీటీ ఉంటుంది. నాలుగు గడులు. ఏ గేజీ, రాసిన అంకె, ఉండవలసిన అంకె, కారణం. ఆయన ఒక చీటీ తెచ్చి మూడు గడులు నింపాడు. నాలుగో గడి దగ్గర కలం ఆగింది. చీటీని మడిచి పంక్చరు ప్యాచీల డబ్బాలో పెట్టాడు. డబ్బాలు మూడు మారాయి. చీటీ అదే.

కారణం ఆయనకు తెలియక కాదు. ఆ రోజు పొద్దున ఏడో గేజీ దగ్గర, భార్య పోయిందన్న కబురు ఆయనకు అందింది. అందాక వెనక్కి తిరగలేదు. ఎనిమిదికి వెళ్లాడు, తొమ్మిదికి వెళ్లాడు, రెండు రోజుల తర్వాత ఇల్లు చేరాడు. అప్పటికి అన్నీ అయిపోయాయి. కబురు వచ్చేసరికే తాను ఏడు దాటేశానని, ఎవరూ చెప్పలేదని అందరికీ చెప్పాడు. తొమ్మిదేళ్ల కూతురికీ అదే చెప్పాడు. ముప్పై ఒక్కేళ్ల కూతురు ఇప్పటికీ అదే నమ్ముతోంది. చీటీ నింపితే పాఠంలో అంకె మారుతుంది, ఎందుకు మారిందో కూతురికి తెలుస్తుంది. నింపకపోతే తప్పు అలాగే ఉండి, పుస్తకం మీద సీలు పడుతుంది.

ఆ సాయంత్రం కూతురు వంటింట్లో పళ్లేలు తుడుస్తూ, "ఈసారి నేనూ వస్తున్నా నాన్నా," అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, పైకి. బడికి సెలవులు. సైకిలుకి కొత్త టైర్లు కూడా వేయించా."

"నువ్వు మన సందు చివర స్పీడుబ్రేకరుకే సైకిలు దిగి నడుస్తావు కదే."

"అది జాగ్రత్త. భయం కాదు."

"అక్కడ మాట్లాడుకోడానికి మనిషుండడు."

"ఇక్కడ మాత్రం? నువ్వు నోరు విప్పి మూడు మాటలాడితే ఆ రోజు క్యాలెండర్లో గీత పెడుతున్నా నేను." పళ్లెం అలమరలో పెట్టి, గొంతు తగ్గించింది. "చిన్నప్పట్నించీ వింటున్నా, ఎనిమిదో గేజీ, ఎనిమిదో గేజీ అని. ఒక్కసారి చూడాలి. ఆ బోర్డు పక్కన నిన్ను నిలబెట్టి ఫోటో తియ్యాలి. పిల్లలకి చూపిస్తా."

వద్దనడానికి ఆయన దగ్గర కారణం లేదు. ఉన్నది చెప్పేది కాదు.

*

మొదటి రోజే ఆయన ఒక నియమం పెట్టాడు. ముందు తొక్కేవాళ్లకు దారి కనిపిస్తుంది, వెనక వచ్చేవాళ్లకు ముందువాళ్ల వీపు కనిపిస్తుంది. అందుకని గుంట వస్తే ముందువాళ్లు ఒక్కసారి బెల్లు కొట్టాలి. చెక్కల దారి వస్తే రెండుసార్లు.

"దిగి తొయ్యాల్సి వస్తే?"

"అది నీకే తెలుస్తుంది."

నిజంగానే తెలిసింది. కొండ ఎక్కే మలుపుల్లో మూడో దానికే ఆమె దిగి, హ్యాండిలు మీద వాలిపోయి, "నాన్నా, ఈ ముప్పై ఏళ్లూ ఇది ఎక్కావా నువ్వు? నెల నెలా? మెడ మీద తల ఉండే ఎక్కావా?" అని ఆయాసపడింది. ఆయన కూడా దిగి ఆమె పక్కన నిలబడ్డాడు. నీళ్ల సీసా ఇచ్చాడు.

పైన అంతా ఒకటే రంగు. ఎండిన గడ్డి, బూడిద రాయి, అక్కడక్కడా మేఘం నీడ జారుతున్న నీటిగుంట. ఎదురుగాలి ఎంత మొండిదంటే, దిగుడులో కూడా పెడలు తొక్కాల్సిందే. కొత్తవాళ్లకు మొదటి పూట అందంగా ఉంటుంది, రెండో పూట భయమేస్తుంది, మూడో రోజుకు ఏదీ అనిపించదు. వానలాయనకు ఆ మూడో రోజు ఇరవై రెండేళ్లుగా నడుస్తూనే ఉంది. తిన్నాడు, తొక్కాడు, కొలిచాడు, రాశాడు. కూతురి పెళ్లి మాట తప్పిపోయినప్పుడూ, ఆమెకు ఉద్యోగం వచ్చినప్పుడూ పక్కవాళ్లు ఆయన ముఖంలోకి చూసి, ఉలుకూ పలుకూ లేదేమిటీ మనిషికి అనుకున్నారు. గుండె రాయి చేసుకున్నాడన్నారు. ఆయన ఏమీ చేసుకోలేదు. అది అలా అయి ఉంది, అంతే.

నాలుగో రోజు ఇద్దరు సైకిలు యాత్రికులు వాళ్లను దాటిపోయారు. ఒంటికి అతుక్కున్న రంగురంగుల బట్టలు, హెల్మెట్లు, చక్రాలకు అటూ ఇటూ బరువైన సంచులు. ఒకడు వేగం తగ్గించి, "అంకుల్, ఎంత దూరం నుంచి తొక్కుకొస్తున్నారు?" అని పలకరించాడు.

"ముప్పై ఏళ్ల నుంచి," అంది కూతురు వెనక నుంచి.

వాడికి అర్థం కాలేదు. బొటనవేలు ఎత్తి చూపించి వెళ్లిపోయాడు. చాలాసేపు కూతురు ఒక్కతే నవ్వుకుంటూ తొక్కింది. ఆమె నవ్వు గాలికి తెగిపోతూ చెవిన పడింది. తల్లి నవ్వు కూడా ఇలాగే మధ్యలో తెగేదని ఆయనకు గుర్తొచ్చింది. గుర్తొచ్చి, అలా ఉండిపోయింది. దాని వెనక ఏమీ రాలేదు.

*

ఐదో రోజు మధ్యాహ్నం ఏడో గేజీ చేరారు. అటు పక్క నుంచి ఒక లారీ రోడ్డు వచ్చి తగిలేది అక్కడే. రోడ్డు పనివాళ్లు కట్టుకున్న రేకుల గది ఇప్పుడు దారిన పోయేవాళ్లకు బస అయింది. అప్పట్లో పనివాళ్ల మీద మేస్త్రీగా ఉన్నాయనే ఇప్పుడు దాన్ని చూసుకుంటున్నాడు. రోడ్డు పని మానేసి పదేళ్లయినా పిలుపు మాత్రం మేస్త్రీయే.

"ఏం వానలాయనా, మొత్తానికి నీ ఉద్యోగం మిషను ఎత్తుకుపోయిందంట!" అంటూ ఎదురొచ్చిన మేస్త్రీ, వెనక ఉన్న ఆమెను చూసి ఆగిపోయాడు.

"మా అమ్మాయి."

"నమస్తే బాబాయ్. మీ గురించి నాన్న చాలా చెప్పారు. అంటే, మేస్త్రీ అనే మాట చెప్పారు. నాన్న లెక్కలో అదే చాలా ఎక్కువ."

మేస్త్రీ నవ్వాడు గానీ చూపు వానలాయన మీదే ఉంది. టీ పెట్టాడు. ఆమెకు స్టవ్వు దగ్గర చోటిచ్చాడు. అరిపాదాల బొబ్బలకు గుడ్డ పీలికలు చింపి ఇచ్చాడు. ఏదో ఒకటి చెప్తూనే ఉన్నాడు. రోడ్డు వేసిన రోజులు, రోలరు బురదలో దిగబడితే తాళ్లు కట్టి లాగిన రోజులు. మాట ఎప్పుడు లారీల దగ్గరికి వచ్చినా చటుక్కున పక్కకు మళ్లించాడు. వానలాయన ఆ మళ్లింపులన్నీ గమనిస్తూ టీ తాగాడు.

మర్నాడు పొద్దున కూతురు బయట టైర్లకు గాలి కొడుతుంటే మేస్త్రీ దగ్గరకు జరిగాడు.

"చెప్పలేదా?"

"లేదు."

"ఇన్నేళ్లూనా?"

"అడగలేదు."

"అడగడానికి దానికి తెలిస్తేగా, అయ్యా!" మేస్త్రీ గ్లాసులు కడుగుతున్న చెయ్యి ఆపాడు. "నేనెప్పుడూ నీ విషయాల్లో వేలు పెట్టలేదు. నెల నెలా వస్తావు, టీ తాగుతావు, పోతావు. నీ సంగతి నీది. కానీ ఇప్పుడా పిల్ల నీతో ఎనిమిదికి వస్తోంది. వచ్చే నెల నుంచి నువ్వు ఇటు రావు. ఇంకెప్పుడు చెప్తావు? నాకెందుకులే. చెప్పమని నేను అనను."

"అన్నావుగా."

"అన్నాననుకో." గ్లాసులు బోర్లించాడు. "ఆ రోజు లారీ డ్రైవరు నీ కోసం ఎంతసేపు హారను కొట్టాడో తెలుసా?"

తెలుసు. ఆ రోజు లారీ పొద్దున పదింటికి కంకరతో పాటు కబురు చీటీ కూడా తెచ్చింది. మేస్త్రీయే చదివి వినిపించాడు. రెండు వాక్యాలు. టూరుకి బయల్దేరేటప్పుడు భార్యకు జ్వరం. రెండ్రోజుల్లో అదే తగ్గుతుంది, మీరు వెళ్లిరండి అని తనే అంది. మేస్త్రీ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "లారీ పన్నెండింటికి కిందికి పోతుంది. సైకిలు పైనెక్కిద్దాం. సాయంత్రానికి ఇంట్లో ఉంటావు," అన్నాడు. వానలాయన సరేనన్నట్టు తలూపాడు. వెళ్లి ఏడో గేజీ కొలిచాడు. రాశాడు. ఏడుపు వస్తుందేమోనని సైకిలు పట్టుకుని కాసేపు ఆగాడు. రాలేదు. మేస్త్రీ వైపు తిరిగి, "ఎనిమిదో గేజీ నిండిపోయి ఉంటుంది," అన్నాడు. ఎక్కి, లారీకి ఎదురు దిక్కున తొక్కడం మొదలుపెట్టాడు. నాలుగో మలుపులో ఉండగా కింద హారను మొదలైంది. ఆగి ఆగి చాలాసేపు మోగింది. తర్వాత ఆగిపోయింది. ఆ వారంలోనే ఆ డ్రైవరు వేరే రోడ్డుకి మారిపోయాడు. అతను గానీ మేస్త్రీ గానీ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

*

ఎనిమిదో గేజీకి ఎక్కే దారిలో ఆయన ముందు తొక్కాడు. గుంటకొకసారి బెల్లు కొట్టాడు. కూతురు వెనక నుంచి ఏదో పాఠం చెప్తున్నట్టు మాట్లాడుతూనే ఉంది. ఏ బ్రేకు రబ్బరు అరిగిందో, ఏ సంచి ఏ పక్కకు జారుతోందో, ఈ ఫోటో చూసి ఏ పిల్ల ఏమంటుందో. నాలుగో మలుపు వచ్చింది. ఆయన కింది వైపు చెవి పెట్టాడు. గాలి తప్ప ఏమీ లేదు. ఐదో మలుపు వచ్చింది.

పైకి చేరేసరికి పదకొండు. రేకు బోర్డు సగం రంగు పోయి, కొంచెం వంగి ఉంది. అంకె మాత్రం చక్కగా కనిపిస్తోంది. రెండ్రోజుల కిందట కురిసిన మంచు రాళ్ల సందుల్లో ఇంకా తెల్లగా ఉంది. ఆయన గేజీ మూత తీశాడు. లోపల గడ్డకట్టి ఉంది. ఈ టూరులో గేజీలో మంచు తగలడం ఇదే మొదలు.

"నేను చేస్తా నాన్నా! ఇవాళ ఒక్కరోజు నీ ఉద్యోగం నాది," అంది కూతురు.

స్టవ్వు వెలిగించింది. గాలికి మూడుసార్లు ఆరిపోతే స్టవ్వును తిట్టి, గాలిని తిట్టి, చివరికి సంచి అడ్డం పెట్టింది. నీళ్లు కాగాయి. గ్లాసుతో కొలిచి గేజీలో పోసింది. మూడు గ్లాసులకు మంచు కరిగింది. పోసిన ప్రతిసారీ ఆయన ఏమీ అనకుండా ఒక రాయి తీసి మూత మీద పెట్టాడు. తర్వాత ఆమె కరిగిన నీళ్లు వంచి, కొలిచి, పారబోస్తుంటే ఒక్కో రాయి నేల మీద వరసలో పెట్టాడు. ఏడు రాళ్లు.

"ఏడు ఇరవైలు నూట నలభై!" ఆమె టూరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కలం తీసింది. "రాసేస్తున్నా."

"పోసింది తీసెయ్యి," అన్నాడు వానలాయన.

"ఏది?"

"మూత మీద చూడు."

ఆమె చూసింది. మూడు రాళ్లు. కాసేపు ఆలోచించి, "ఓ," అని పెదవి కొరుక్కుంది. "మన నీళ్లు మనమే వానలో కలిపేసేవాళ్లం! నాలుగో తరగతి పిల్లలు కూడా చెయ్యరు ఇలాంటి తప్పు."

"నేను చేశాను."

"ఎప్పుడు?"

ఆయన బోర్డు వైపు చెయ్యి చూపించాడు. చూపించే వేలు కూడా సరిగ్గా నిటారుగా నిలవదు. అయినా ఆమెకు అర్థమైంది.

"ఐదు గ్లాసులు," అన్నాడు. "ఐదువందల పన్నెండే."

ఆమె బోర్డును చూసి, ఆయన్ని చూసింది. ముందు నవ్వబోయింది. "నాన్నా! నేను ఏడేళ్ల నుంచి పిల్లలకి... నువ్వు ఎలా మర్చిపోయావు? నువ్వు వంటింట్లో ఉప్పు డబ్బా మూత కూడా మర్చిపోవు."

ఇక్కడ మాట మళ్లించవచ్చు. చలి అనవచ్చు, గాలి అనవచ్చు. మేస్త్రీ లారీల మాట మళ్లించినంత తేలికగా మళ్లిపోయేది. ఆయన ప్యాచీల డబ్బా తీశాడు. మడతల దగ్గర చిరుగు పట్టిన చీటీ విప్పి కూతురికి ఇచ్చాడు. ఆమె మూడు గడులు చదివింది. ఆ పైనున్న తేదీ చదివింది. తేదీ దగ్గర ఆగిపోయింది.

"మీ అమ్మ పోయిందని ఆ రోజు పొద్దునే తెలిసింది నాకు. ఏడో గేజీ దగ్గర. మేస్త్రీ చెప్పాడు. లారీ ఉంది. ఎక్కలేదు."

ఇంత పొడుగ్గా ఆయన మాట్లాడి చాలాకాలమైంది. చెప్పాక ఏదో అవుతుందనుకున్నాడు. ఏమీ కాలేదు. స్టవ్వు మళ్లీ ఆరిపోయింది.

కూతురు అడిగింది. "లారీ ఎన్నింటికి?"

"పన్నెండింటికి."

"ఎక్కి ఉంటే?"

"సాయంత్రానికి ఇంట్లో ఉండేవాణ్ని."

"ఆ సాయంత్రం నేను మెట్ల మీద కూర్చున్నా," అంది. ఆమె గొంతు పాఠం చదువుతున్నట్టే ఉంది. "నీ సైకిలు బెల్లు వినపడుతుందేమోనని. పెద్దమ్మ లోపలికి రమ్మంటే వెళ్లలేదు. అమ్మ కోసం కాదు నాన్నా నేను ఏడ్చింది. పాపం నాన్నకి తెలీదు, ఎక్కడో కొండ మీద హాయిగా తొక్కుకుంటూ ఉంటాడు, ఎవరు చెప్తారు, ఎలా చెప్తారు అని నీ కోసం ఏడ్చా."

ఆయన తల దించుకుని నేల మీది రాళ్లు చూశాడు. ఏడు.

"ఎందుకు రాలేదు?"

"తెలీదమ్మా."

"తెలీదంటే?"

"ఏమీ అనిపించలేదు. ఏమన్నా అనిపిస్తే వచ్చేవాణ్నేమో. గేజీ నిండిపోయి ఉంటుందని ఒక్కటే తోచింది."

ఆమె లేచి వెళ్లి బోర్డు అవతల నిలబడింది. బోర్డు కింద ఆమె కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. బొబ్బలకు కట్టిన పీలికలు మేజోళ్ల పైకి వచ్చి ఉన్నాయి. ఆయన వేచి ఉన్నాడు. వేచి ఉండటం ఆయనకు బాగా వచ్చు. ఆమె వెనక్కి వచ్చేసరికి ముక్కు ఎర్రగా ఉంది. చీటీ ఆయన చేతిలో పెట్టి, కలం ఇచ్చింది.

"రాయి."

ఆయన టూరు పుస్తకం మీద చీటీ పెట్టుకుని నాలుగో గడిలో రాశాడు: పోసిన వేడి నీళ్లు తీసివేయలేదు.

ఆమె చదివింది. "ఇది ఏం తప్పు జరిగిందో చెప్తోంది. ఎందుకు జరిగిందో చెప్పట్లేదు. మా క్లాసులో దీనికి సగం మార్కులే."

ఆయన ఆ వాక్యాన్ని ఒక గీతతో కొట్టేశాడు. కింద మళ్లీ రాశాడు: ఆ రోజు ఉదయం భార్య మరణవార్త అందింది. గడి నిండిపోయింది. కాసేపు కలం పట్టుకుని ఉండి, గడి దాటి అంచు మీదకు రాశాడు: వెనక్కి వెళ్లలేదు.

ఆమె చీటీని ఊది, తడి ఆరాక, టూరు పుస్తకంలో ఆ రోజు పేజీ మధ్యన పెట్టింది. ఆ పేజీలో తనే నూట నలభైలోంచి అరవై తీసేసి ఎనభై అని రాసింది.

అదే సమయంలో నాలుగో రోజున దాటిపోయిన ఇద్దరు యాత్రికులు ఎదురు దిక్కు నుంచి, అలసిపోయి, సైకిళ్లు తోసుకుంటూ వచ్చారు. దారి తప్పి చుట్టూ తిరిగొచ్చినట్టున్నారు. బోర్డు చూడగానే వాళ్లకు ప్రాణం లేచొచ్చింది.

"అక్కా, ఇదేనా రికార్డు ప్లేసు? ఒక్క ఫోటో తియ్యరా?"

"ఇది కాదండీ," అంది కూతురు. "బోర్డు తప్పు. అసలు రికార్డు ఐదువందల నలభై. మూడో గేజీ దగ్గర."

"అదెక్కడ?"

"మీరు మూడు రోజుల కిందట దాటేశారు."

వాళ్లిద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ రోజు బొటనవేలు చూపించినవాడు నిట్టూర్చి, "పోన్లే అక్కా, తప్పు బోర్డుతోనే తీసెయ్యండి. ఇంతదూరం తొక్కాం," అన్నాడు.

ఆమె తీసింది. వాళ్లు కూడా, మీ ఇద్దరికీ తియ్యమంటారా అని అడిగారు.

"వద్దు," అంది.

సామాన్లు సర్దేటప్పుడు ఆమె మూత మీది మూడు రాళ్లు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చెయ్యి ముడిచాడు. చివరి రెండు వేళ్ల కింద ఉన్నవి ఉన్నాయో జారిపోయాయో తెలియలేదు. తెరిచి చూసుకోవాల్సి వచ్చింది. మూడూ ఉన్నాయి. నేల మీద, మిగతా ఏడింటి పక్కన పెట్టాడు.

"ఎక్కు," అంది కూతురు. ఆయన కంటే ముందు తనే ఎక్కింది. ఎక్కాక కూడా ఒక కాలు నేల మీద ఆనించి ఉంచి, వెనక్కి తిరగకుండా అడిగింది. "ఇంటికెళ్లాక చీటీ ఆఫీసులో ఇచ్చేది ఎవరు?"

"నేనే."

"పిల్లలకి చెప్పేది?"

ఆమె తనే, "అది నేను," అని తొక్కింది.

తొమ్మిదో గేజీ దాకా ఆమె ముందే ఉంది. ఐదు రోజులుగా ఆగని మాట ఆ రోజంతా మళ్లీ వినపడలేదు. ఒక్కసారీ వెనక్కి చూడలేదు. కానీ గుంట వచ్చిన ప్రతిచోటా ఒకసారి బెల్లు కొట్టింది. చెక్కల దారి దగ్గర రెండుసార్లు. ఆయన ఆ బెల్లు విని హ్యాండిలు పక్కకు తిప్పుకుంటూ వెనకే తొక్కాడు.